మిగిలిన వినికిడి మిగలాలంటే: కాక్లియర్ ఇంప్లాంట్‌లో ‘చిన్న కోత’ అసలు అర్థం

సంక్షిప్తంగా: కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి నరాన్ని కరెంటుతో తట్టి వినిపించే లోచెవి పరికరం) పెట్టిన చెవిలో సహజమైన వినికిడి పూర్తిగా పోతుందన్నది ఒకప్పుడు ఖాయమైన మాట. ఇప్పుడు సన్నని, మెత్తని ఎలక్ట్రోడ్ తీగను రౌండ్ విండో అనే లోచెవి చిన్న కిటికీ గుండా నెమ్మదిగా ఎక్కించి, బండ (తక్కువ హెర్ట్జ్) శబ్దాల వినికిడిని చాలామందిలో కాపాడగలుగుతున్నారు. అయితే ఈ పద్ధతికి దక్కిన ‘చిన్న కోత’ అన్న పేరు తోలు మీది కోత గురించి కాదు, లోచెవికి దెబ్బ తగ్గించడం గురించి. కాపాడిన వినికిడి ఎల్లకాలం నిలుస్తుందన్న హామీ కూడా అందులో లేదు. ఎలక్ట్రోడ్ పొడవు ఎంత ఉండాలన్న నిర్ణయం దగ్గరే అసలు చిక్కు ఉంది.

కాలు, పాలు, చాలు, సాలు

నెల్లూరు, ఒంగోలు ఈఎన్‌టీ ఓపీలకు వచ్చే నడివయసు వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘వినపడుతుంది గానీ అర్థం కాదు.’ ఇంట్లోవాళ్లకు ఇది సాకులా తోస్తుంది. పిలిస్తే పలుకుతాడు, లారీ హారన్ వింటాడు, టీవీలో ఏం చెప్పారో మాత్రం తెలియదంటాడు. చెవుడైతే అన్నిటికీ ఉండాలి గదా అని వాళ్ల అనుమానం.

కానీ చెవి అన్ని శబ్దాలనూ ఒకే చోట పట్టుకోదు. కాలు, పాలు, చాలు, సాలు అన్న నాలుగు మాటల్లో మొదటి హల్లు తప్ప మిగతాదంతా ఒకటే. ఆ మిగతా భాగంలో అచ్చుల బలం ఎక్కువ, వాటి శక్తి చాలావరకు 1000 హెర్ట్జ్‌కు (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత) దిగువనే ఉంటుంది. స, శ, చ, త లాంటి హల్లులను విడదీసే గాలి ఒరిపిడి మాత్రం 2000 నుంచి 4000 హెర్ట్జ్, ఆపైన ఉంటుంది. పై భాగం పోయి కింది భాగం మిగిలినవాడికి నాలుగు మాటలూ ‘ఆలు’గానే చేరతాయి. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి మాట నడక, కోపమా ప్రశ్నా అన్న స్వరం, మాట్లాడేది ఆడమనిషా మగమనిషా అన్నది అతనికి తెలుస్తూనే ఉంటాయి. అందుకే లోపం ఏళ్ల తరబడి బయటపడదు.

ఇలాంటివాళ్ల ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం)లో గీత 500 హెర్ట్జ్ దాకా దాదాపు మట్టంగా నడిచి, ఆ తర్వాత పెన్న గట్టు మీంచి ఇసుకలోకి దిగినట్టు ఒక్కసారిగా పడిపోతుంది. వినికిడి మిషన్ ఇక్కడ తేలిపోవడానికి కారణం మిషన్ నాసిరకం కావడం కాదు. మిషన్ శబ్దాన్ని పెంచగలదు, అంతే. పెంచిన శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు ఆ చోట చచ్చిపోయి ఉంటే, పెంచినకొద్దీ గోల పెరుగుతుంది గానీ మాట తేటపడదు.

కారణాలు పలు రకాలు. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్ సూదులు, ఇన్ఫెక్షన్లకు ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్, కేన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్, ఇవన్నీ ముందు సన్న (ఎక్కువ హెర్ట్జ్) శబ్దాల భాగాన్నే దెబ్బతీస్తాయి. వయసు కూడా అక్కడే మొదలుపెడుతుంది. కొన్ని జన్యులోపాలూ ఇదే దారి పడతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో బండ తొలిచే డ్రిల్లు శబ్దం 100 డెసిబెల్ దాటుతుంది. కర్మాగారాల నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనికి పరిమితి 90. ఆ మోతకు మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. అయితే మోత ఒక్కటే ఇంప్లాంట్ దాకా తీసుకురావడం అరుదు. చాలామంది క్వారీ, పాలిషింగ్ కార్మికులకు కావలసింది చెవి ప్లగ్గులు, అవసరమైతే మిషన్, ఏటా ఒక ఆడియోగ్రామ్. మోతకు తోడు మందు, వయసు, వంశం కలిసినప్పుడే గీత లోయలోకి జారుతుంది.

నత్తగుల్లలో ఏ శబ్దం ఎక్కడ

లోచెవిలోని కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు పైచిలుకు తిరిగిన సొరంగం. చుట్లు విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు, మనిషిని బట్టి 30 నుంచి 40 దాకా. వాకిట్లో సన్న శబ్దాలు, లోపలి కొసన బండ శబ్దాలు. 35 మిల్లీమీటర్ల కాక్లియాలో 4000 హెర్ట్జ్ స్థానం వాకిలి నుంచి దాదాపు 12 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. 2000 హెర్ట్జ్ 16, 17 మధ్య, 1000 హెర్ట్జ్ 21 దగ్గర, 500 హెర్ట్జ్ 25 దగ్గర. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే తర్వాతి చర్చంతా సులువు.

సొరంగం నిలువునా మూడు గదులుగా ఉంటుంది. పైగదిలో, కిందిగదిలో పెరిలింఫ్ అనే ద్రవం, నడిమి గదిలో పొటాషియం దండిగా ఉండే ఎండోలింఫ్. నడిమి గదికీ కిందిగదికీ మధ్య పరుచుకున్న బేసిలార్ పొర మీద రోమకణాలు నిలబడి ఉంటాయి: లోపలి వరుసలో సుమారు 3,500, బయటి వరుసల్లో సుమారు 12,000. ఇవి పోతే మళ్లీ మొలవవు.

ఇంప్లాంట్ ఈ కణాలను దాటవేసి నరాన్నే నేరుగా కరెంటుతో తడుతుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పోగుచేసి, అయస్కాంతంతో అంటుకునే కాయిల్ ద్వారా చర్మం కిందున్న రిసీవర్‌కు పంపుతుంది. రిసీవర్ నుంచి బయలుదేరిన ఎలక్ట్రోడ్ తీగ కాక్లియా కిందిగదిలో పడుకుని ఉంటుంది. తీగ మీద నరాన్ని తట్టే చుక్కలు కంపెనీని బట్టి 12, 16, 22. సమస్య ఏమిటంటే, సన్న శబ్దాల చోటుకు తీగ వేస్తూ లోపలి కొసన బతికున్న బండ శబ్దాల కణాలను చెడగొట్టకుండా బయటపడాలి.

ఇది సాధ్యమేనన్న ఆలోచన ఒక్క రోజులో రాలేదు. 1993లో హానోవర్‌కు చెందిన ఎర్నెస్ట్ లేన్‌హార్ట్ కాక్లియాను సున్నితంగా తెరిచే పద్ధతిని ప్రతిపాదించారు. 1999లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్రిస్టాఫ్ ఫాన్ ఇల్బెర్గ్ బృందం ఒకే చెవిలో కరెంటునూ, సహజ శబ్దాన్నీ కలిపి వాడవచ్చని చూపింది. అమెరికాలోని అయోవాలో బ్రూస్ గాంట్జ్ బృందం 10 మిల్లీమీటర్ల పొట్టి ఎలక్ట్రోడ్లతో ఇదే దారిన నడిచింది. వార్సాలో హెన్రిక్ స్కార్జిన్‌స్కీ 2002లో పాక్షిక చెవుడు ఉన్న పెద్దవాళ్లకు ఇంప్లాంట్ మొదలుపెట్టారు.

చెడేది ఎలా చెడుతుంది

తోలు మీది కోత గురించి రెండు మాటలు చాలు. ఒకప్పుడు చెవి వెనక పెద్ద వంపు కోత పెట్టేవారు, ఇప్పుడు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. గాయం త్వరగా మానుతుంది, మచ్చ కనపడదు. వినికిడి మిగలడానికీ దీనికీ సంబంధం లేదు. ప్రకటనల్లో ఈ రెండూ కలిసిపోవడంతోనే తికమక.

లోపల జరిగే నష్టాల్లో మొదటిది డ్రిల్లు మోత. తిరిగే డ్రిల్లు మొన చెవిలోని చిన్న ఎముకల గొలుసుకు తగిలితే కాక్లియాకు చేరే శబ్దం 130 డెసిబెల్ దాకా పోగలదు. వినికిడి కాపాడాలనుకున్న ఆపరేషన్‌లోనే చెవిని మోతతో కొట్టినట్టవుతుంది.

రెండోది ఒత్తిడి. కిందిగదిలో ఉండే ద్రవం ఒక నీటి చుక్కకన్నా తక్కువ. దాంట్లోకి గట్టిగా తీగ దూరితే ద్రవం పోవడానికి దారి లేక ఒత్తిడి ఎగదన్నుతుంది. లోపలున్న కణాలకు అది పేలుడు శబ్దం లాంటిదే. సక్షన్ గొట్టంతో పెరిలింఫ్‌ను పీల్చేయడం దీనికి తలకిందులు తప్పు, నష్టం మాత్రం అంతే.

మూడోది తీగ దారి తప్పడం. మొదటి చుట్టు మలుపు దగ్గర తీగ కొస బయటి గోడను తాకుతుంది. అక్కడ అడ్డు తగిలినా తోస్తే కొస పైకి లేచి బేసిలార్ పొరను చీల్చుకుని పైగదిలోకి పోతుంది. రెండు ద్రవాలూ కలిసిపోతాయి, ఆ చుట్టుపక్కల కణాలు చచ్చిపోతాయి. మాట అర్థమయ్యే స్థాయి కూడా తగ్గుతుంది కాబట్టి, కాపాడుకోవడానికి వినికిడి ఏమీ మిగలని రోగికి కూడా ఇది నష్టమే.

నాలుగోది నెమ్మదిగా వచ్చే నష్టం. కాక్లియాలోకి రక్తం చుక్క, ఎముక పొడి పడితే వాపు వస్తుంది. తర్వాత తీగ చుట్టూ పీచు కణజాలం పేరుకుంటుంది, కొందరిలో కొత్త ఎముక మొలుస్తుంది. బేసిలార్ పొర కదలిక బిగుసుకుంటుంది. ఆపరేషన్ బాగా జరిగి, మొదటి నెలల్లో వినికిడి మిగిలి, ఏడాదికో రెండేళ్లకో జారిపోవడానికి చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది.

బల్ల మీద జరిగేది

పూర్తి మత్తులో, రెండు మూడు గంటల పని. కనీసం రెండు వారాల ముందే న్యుమోకాకల్ టీకా వేయిస్తారు, ఎందుకంటే లోచెవిని తెరిచినచోటు నుంచి మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ పాకే ముప్పు కొద్దిగా ఉంటుంది. సీటీ స్కాన్‌లో కాక్లియా కొలత, ముఖనరం దారి చూస్తారు. ఎంఆర్ఐలో శ్రవణ నరం ఉందా, సొరంగంలో ద్రవం ఉందా చూస్తారు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి తగ్గినవాళ్లలో సొరంగం ఎముకగా పూడిపోయి ఉండొచ్చు. అలాంటి చెవిలో ఈ సున్నితపు పద్ధతికి తావుండదు.

చెవి వెనక మాస్టాయిడ్ ఎముకను తొలిచాక, ముఖనరానికీ రుచి నరానికీ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందులోంచి మధ్యచెవిలోకి దారి చేస్తారు. ముఖనరానికి మానిటర్ తగిలించి ఉంచుతారు. రుచి నరం ఒరుసుకుంటే కొన్ని వారాలపాటు నాలుక మీద ఇనుము రుచి తగులుతుంది. ఇక్కడి దాకా పాత ఆపరేషన్, కొత్త ఆపరేషన్ ఒకటే.

తేడా రౌండ్ విండో దగ్గర. ముందు రక్తమంతా ఆపి, ఎముక పొడి కడిగేస్తారు. కిటికీ మీద చూరులా వాలిన ఎముక అంచును తక్కువ వేగంతో తిరిగే డ్రిల్లుతో చెక్కి, పొర పూర్తిగా కనపడేలా చేస్తారు. స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు, రక్తనాళం ద్వారా కూడా స్టెరాయిడ్ ఇస్తారు. కొందరు హయలురోనిక్ ఆమ్లపు జెల్‌తో పొరను కప్పి, ఆ జెల్ కిందనే పొరను చీలుస్తారు. దాంతో ద్రవం బయటికి రాదు, పొడి లోపలికి పోదు. ఇక అక్కడ సక్షన్ పెట్టరు. రౌండ్ విండో అందని చెవుల్లో పక్కన ఎముకకు రంధ్రం పెట్టి ఎక్కించడం తప్పదు. ఓపికగా చేస్తే అదీ నేరం కాదు గానీ, పొడి, మోత రెండూ పెరుగుతాయి.

తీగ ఎక్కించడంలో వేగమే కీలకం. చేతితో సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు కన్నా నెమ్మదిగా, ఆగకుండా తోయడం అనుభవమున్న సర్జన్‌కూ కష్టం. అంతకన్నా తగ్గిస్తే చెయ్యి తడబడి తీగ కుదుపులతో పోతుంది. ఫ్రాన్స్‌లో తయారైన రోబోటాల్, 2021లో అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన అయోటాసాఫ్ట్ లాంటి మోటారు సాధనాలు వచ్చింది ఇందుకే. సెకనుకు 0.1 మిల్లీమీటరు చొప్పున తోస్తే 25 మిల్లీమీటర్ల తీగకు నాలుగు నిమిషాల పైన పడుతుంది. అడ్డు తగిలితే ఆగాలన్న నిర్ణయం మాత్రం మోటారుది కాదు. ఆ విషయంలో ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ సాయపడుతుంది: చెవిలో ఒక బండ శబ్దం వినిపిస్తూ, ఎక్కుతున్న తీగ ద్వారానే రోమకణాల స్పందనను తెర మీద చూస్తారు. స్పందన హఠాత్తుగా తగ్గితే ఆగుతారు, కాస్త వెనక్కి లాగుతారు. చివర్లో కిటికీ చుట్టూ కండరపు ముక్కలతో మెత్తగా మూసేస్తారు. గట్టిగా కుక్కితే తీగ జరుగుతుంది.

పొట్టిదా, పొడుగుదా

ముందు చెప్పిన నాలుగు అంకెలు ఇక్కడ పనికొస్తాయి. 16 మిల్లీమీటర్ల తీగ వేస్తే 2000 హెర్ట్జ్ దాకా కరెంటు చూసుకుంటుంది, 500 హెర్ట్జ్ చోటు జోలికి పోదు. సహజ వినికిడి మిగిలే అవకాశం ఎక్కువ. కానీ ఆ మిగిలిన వినికిడి రేపు పోతే? పొట్టి తీగ ఒక్కదానితో బండ శబ్దాల భాగం ఎండిన కాలువే. 28, 31 మిల్లీమీటర్ల తీగ అయితే ఆ భయం లేదు, కాకపోతే కాపాడాల్సిన చోటును అదే ఒరుసుకుంటూ పోతుంది.

ఈ బేరం ఎంత కష్టమో చెప్పే లెక్క ఒకటుంది. న్యూక్లియస్ హైబ్రిడ్ ఎల్24 అనే పొట్టి తీగ పరికరానికి ఎఫ్‌డీఏ 2014 మార్చిలో అనుమతిచ్చింది. పరీక్షలో పాల్గొన్నది 50 మంది. మెజారిటీకి మాట అర్థమవడం గణనీయంగా మెరుగుపడింది. అదే సమయంలో 22 మందికి ఆ చెవిలో బండ శబ్దాల వినికిడి తీవ్రంగానో పూర్తిగానో పోయింది. వాళ్లలో ఆరుగురు మళ్లీ ఆపరేషన్ చేయించుకుని మామూలు ఇంప్లాంట్ పెట్టించుకున్నారు. సాధనాలు, పద్ధతులు ఆ తర్వాత మెరుగయ్యాయి. అయినా ‘వినికిడి పోదు’ అని ఎవరైనా గంటాపథంగా చెబితే ఈ లెక్కను గుర్తుచేయాలి.

చాలా కేంద్రాలు ఇప్పుడు మధ్యేమార్గం పడుతున్నాయి: 24 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, బయటి గోడ వెంట సాగే మెత్తని తీగ. సీటీలో కాక్లియా అడుగు వెడల్పు కొలిచి పొడవు లెక్కగడతారు, ఎందుకంటే 31 మిల్లీమీటర్ల కాక్లియాలో 24 ఎంత లోతో, 38 మిల్లీమీటర్ల దాంట్లో అంత లోతు కాదు. కుటుంబంలో వినికిడి ఏటేటా తగ్గే తీరు ఉంటే పొడుగు తీగే మేలు. ఏళ్లుగా గీత కదలకుండా ఉన్నవాడికి పొట్టి తీగను ఆలోచించవచ్చు. కాబట్టి పాత ఆడియోగ్రామ్ కాగితాలు పారేయకూడదు. ఐదేళ్ల కిందటి గీత, నేటి గీత పక్కపక్కన పెట్టినప్పుడే ఈ నిర్ణయానికి ఆధారం దొరుకుతుంది.

ఎవరికి పనికొస్తుందన్న దానికి స్థూలమైన హద్దు ఇది: 500 హెర్ట్జ్ దాకా 60, 65 డెసిబెల్ లోపే వినాలి, 2000 పైన 75, 80 దాటి పడిపోయి ఉండాలి, మంచి మిషన్ పెట్టుకుని విన్నా విడి మాటల్లో 60 శాతానికి మించి పట్టలేకపోవాలి. విడి మాటల పరీక్ష రోగి సొంత భాషలో జరగాలి. చెన్నైలో తమిళ మాటలతోనో, ఇంగ్లిష్ మాటలతోనో పరీక్షిస్తే నెల్లూరు మనిషి మార్కు చెవిది కాదు, భాషది.

పుట్టుచెవుడు పిల్లల సంగతి

ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కేంద్రం ఎడిప్ పథకం కింద ఇంప్లాంట్ పొందేవాళ్లు ప్రధానంగా చిన్నపిల్లలు. మేనరికాలున్న కుటుంబాల్లో జీజేబీ2 అనే జన్యువు లోపం తరచూ కనపడుతుంది. ఈ పిల్లల్లో నరం బాగుంటుంది కాబట్టి ఇంప్లాంట్ చక్కగా పనిచేస్తుంది. కాపాడాల్సిన వినికిడి మాత్రం చాలామందికి పెద్దగా ఉండదు. మరి సున్నితపు పద్ధతి ఎందుకు?

రెండేళ్ల బిడ్డ ఆ చెవితో డెబ్బై ఏళ్లు బతకాలి. లోపలి పరికరం అన్నాళ్లు నిలవదు, ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. మొదటి ఆపరేషన్‌లో సొరంగం చిరిగి, ఎముక మొలిస్తే రెండో తీగ ఎక్కదు. జన్యు చికిత్స మాట కూడా వినిపిస్తోంది. ఓటోఫెర్లిన్ లోపంతో పుట్టిన ఆరుగురు పిల్లలకు చైనాలో ఆ చికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో ప్రచురించారు. అది ఒకే ఒక జన్యువుకు సంబంధించినది, జీజేబీ2కు కాదు. దాని కోసం బిడ్డ ఇంప్లాంట్‌ను వాయిదా వేయడం చాలా ఖరీదైన తప్పు. మాట నేర్చే మొదటి మూడేళ్లు తిరిగి రావు. నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల లోపు బెరా (శబ్దానికి నరం, మెదడు స్పందనను కొలిచే పరీక్ష)తో నిర్ధారణ, ఆరు నెలల లోపు మిషన్, ఈ వరసే ముందు కుదరాలి.

కుట్లు విప్పాక

స్విచ్ ఆన్ సాధారణంగా మూడు, నాలుగు వారాలకు. ఆలోగా చెవి బిగుసుకున్నట్టు, ఉన్న వినికిడీ పోయినట్టు అనిపిస్తే వెంటనే బెంగపడనక్కర్లేదు. మధ్యచెవిలో చేరిన నీరు, రక్తం ఆరేదాకా అలాగే ఉంటుంది. హఠాత్తుగా తల తిరగడం, వినికిడి పడిపోవడం రెండూ కలిసి వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్‌తో తిరిగి నిలిపే అవకాశం మొదటి రోజుల్లోనే ఉంటుంది.

వినికిడి మిగిలినవాళ్లకు ప్రాసెసర్‌లోనే చిన్న మిషన్ కలిసి ఉంటుంది. గీత 65 డెసిబెల్ దాటే చోటును హద్దుగా పెట్టి, దానికి దిగువ శబ్దాలను చెవి అచ్చు ద్వారా పెంచి వినిపిస్తారు, ఎగువ శబ్దాలను కరెంటుగా పంపుతారు. మొదట్లో రెండూ రెండు వేర్వేరు గొంతుల్లా తోస్తాయి. కలిసిపోవడానికి నెలలు పడుతుంది. ఫలితం నిశ్శబ్దపు గదిలో కన్నా కల్యాణ మండపంలో, ట్రంకు రోడ్డు పక్కన ఎక్కువ తెలుస్తుంది. పాట రాగం పట్టడం కరెంటు ఒక్కదానితో కష్టం. 500 హెర్ట్జ్ లోపు సహజ వినికిడి ఉన్నవాడికి ఆ రాగం కొంత అందుతుంది.

కోస్తా ఉక్కలో చెవి అచ్చు ఒక తలనొప్పి. చెమట, గుబిలి చేరి గొట్టం పూడుకుపోతే బండ శబ్దాల సాయం ఆగిపోతుంది. రోగి మాత్రం ‘మిషన్ శక్తి తగ్గింది’ అనుకుని మ్యాపింగ్‌కు (ప్రాసెసర్ అమరికలు సరిచేయించడానికి) పరుగెత్తుతాడు. రాత్రిపూట ఆరబెట్టే డబ్బాలో పెట్టడం, రంగు మారిన సిలికా జెల్‌ను మార్చడం, వారానికోసారి అచ్చు విడదీసి కడిగి ఆరబెట్టడం, వీటితోనే సగం ఫిర్యాదులు తీరతాయి.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290. మ్యాపింగ్ కోసం పడే ఈ తిరుగుడులో ఎక్కువగా ఎగిరిపోయేది ఒక పరీక్ష: ప్రాసెసర్ తీసేసి, ఆపరేషన్ అయిన చెవిని విడిగా వినిపించి తీసే ఆడియోగ్రామ్. స్విచ్ ఆన్ నాడు, మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి అది ఉండాలి. దానికి చెన్నై పోనక్కర్లేదు, సౌండ్‌ప్రూఫ్ గది, హెడ్‌ఫోన్లు ఉన్న ఆడియాలజిస్టు ఊళ్లోనే తీయగలడు. ఆపరేషన్‌కు ముందరి వినికిడిలో 75 శాతం పైన నిలిస్తే పూర్తి పరిరక్షణ, 25 నుంచి 75 దాకా పాక్షికం, అంతకు తగ్గితే నామమాత్రం అని లెక్క. గీత జారడం మొదలైతే హద్దును కిందికి దించి, కరెంటు వాటా పెంచి మ్యాప్ మార్చాలి. ఆ కాగితం లేకపోతే చచ్చిపోయిన చోటుకు మిషన్ శబ్దం పంపుతూనే ఉంటుంది, నరానికి అందాల్సిన కరెంటు మాత్రం అందదు.